భేష్ అనే డబ్బా

తొంభైల చివర్లో, ఒక మండు వేసవిలో, మమ్మల్ని మహబూబ్‌నగర్‌కు పిలిపించి కంప్యూటర్ చూపించారు. వచ్చినవాళ్లమంతా చుట్టుపక్కల పల్లె బడుల టీచర్లం. చెప్పులు బయటే విప్పించారు. గదిలో ఏసీ పెట్టారు, దుమ్ము పడకూడదని కిటికీలకు పరదాలు కట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్ర అధికారి బల్ల మీది పెట్టెకు కప్పిన గుడ్డ తీసి, "రేపటి బడి ఇదేనండీ" అన్నాడు. తెర మీదికి ఒక చిలుక వచ్చి, మూడు నాలుగులు ఎంత అని అడిగింది. అధికారి పన్నెండు నొక్కాడు. చిలుక రెక్కలు కొట్టి "వెరీ గుడ్" అంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్క కుర్చీలో ఉన్న పంతులుగారైతే లేచి నిలబడి మరీ కొట్టారు.

నేను కొట్టలేదు. అంత చల్లటి గదిలో నాకు వీపంతా చెమట పట్టింది.

"సార్, పిల్ల తప్పు నొక్కితే ఏమంటది?" అని అడిగాను.

"మళ్లీ ప్రయత్నించు అంటుంది మేడమ్."

"ఏమీ నొక్కకుండ ఊకె కూసుంటే?"

అతను నవ్వాడు. "ఎంతసేపైనా ఆగుతుంది మేడమ్. దానికేమన్నా విసుగా, కోపమా? ముందు ముందు మీరు పక్కన కూర్చుంటే చాలు, పాఠమంతా అదే చెప్తుంది."

అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ పిల్ల ఎందుకు ఊకె కూసున్నదో ఎవలు అడగాలె సార్? మీ చిలుక అడుగుతదా?" అనేశాను, అదీ గట్టిగా. గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. పంతులుగారు "జర నిమ్మళం మేడమ్" అని గొణిగారు. ఈమె పాతకాలపు మనిషి, మిషన్లంటే పడదు అనుకుని ఉంటారు అందరూ. నాకప్పటికి ముప్పై అయిదేళ్లు. మిషన్లంటే నాకు భయమూ లేదు, పగా లేదు. అసలు మా వైపు బడి పిల్లలకు మిషనుతో పాఠాలు చెప్పించిన మొదటివాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే అడిగాను.

అప్పటికి పన్నెండేళ్ల కిందట నేను కొత్త టీచర్ని. మాది జడ్చర్ల. అబ్బాకు, అంటే మా నాన్నకు, బస్టాండు దగ్గర దర్జీ దుకాణం ఉండేది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. చదువంతా తెలుగులోనే సాగింది, ఉద్యోగమూ అందులోనే వచ్చింది. నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ నోటికి తాళం ఏసినంక గాని నీకు సంబంధం జూడను" అనేది అమ్మీ. మొదటి పోస్టింగు బస్సు దిగి రెండు మైళ్లు నడిచే ఒక ఊళ్లో ఇచ్చారు. ఒక గది, ఒక వరండా, అయిదు తరగతులు. టీచర్ని మాత్రం నేనొక్కదాన్నే. ఒకటో తరగతివాళ్లకు 'అ' దిద్దిస్తుంటే నాలుగోవాళ్లు కొట్టుకునేవాళ్లు. నాలుగోవాళ్లను కూర్చోబెట్టేసరికి రెండోవాళ్లలో ఎవడో గోడ దూకేవాడు. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయేది. ఇంటికొచ్చాక అమ్మీ ఏమడిగినా చేత్తోనే సైగ చేసేదాన్ని.

అలాంటి రోజుల్లో మండల ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో నల్లటి టేప్ రికార్డరు, రేకు డబ్బా నిండా పాఠాల క్యాసెట్లు. ఊళ్లో సగంమంది బడి ముందు పోగయ్యారు. "సినిమా పాటలు రావా టీచరమ్మా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. నేను క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. డబ్బాలోంచి ఒక ఆడమనిషి గొంతు, పంచదార పోసినంత తీయగా, "నమస్తే పిల్లలూ! నేను మీ అక్కను" అంది. పిల్లలంతా ఉలిక్కిపడి, చటుక్కున లేచి చేతులు జోడించి "నమస్తే అక్కా!" అని అరిచారు. పాఠం వేళ వాళ్ల జవాబు మా అరుగు దాటి వినిపించడం అదే మొదటిసారి. నేను నోరు వెళ్లబెట్టాను. రోజూ పాఠంలో నేను ఎంత అడిగినా పెదవి కదపని పిల్లలు వీళ్లేనా అనుకున్నాను.

అక్క ప్రతి పాఠం మొదట్లోనూ ఒకే మాట చెప్పేది. "నేను ఒక ప్రశ్న అడుగుతాను. గంట మోగాక జవాబు చెప్పండి, లేదా పలక మీద రాయండి. నేను భేష్ అనేవరకు తర్వాతి ప్రశ్నకు వెళ్లకూడదు. సరేనా?" పిల్లలు "సరే అక్కా!" అనేవాళ్లు. ఆమె ప్రశ్న అడిగేది. టింగుమని గంట మోగేది. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, పిల్లలు ఏం చెప్పినా, ఏమీ చెప్పకపోయినా, "భేష్!" అనేది. ఒకసారి వరండాలో పిల్లలెవరూ లేనప్పుడు టేపు తిరుగుతూ ఉండిపోయింది. ఖాళీ అరుగుకు అది భేష్ భేష్ అని చెబుతుంటే విని పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ డబ్బా వచ్చాక నా ప్రాణం లేచొచ్చింది. అయిదో తరగతిని వరండాలో డబ్బా ముందు కూర్చోబెట్టి, నేను లోపల చిన్నవాళ్లను పట్టుకునేదాన్ని. బడికి కరెంటు లేదు. ఆరు పెద్ద సెల్లులు వేయాలి. అవి బలహీనపడితే అక్క గొంతు బర్రె అరుపులా సాగేది, పిల్లలు మాత్రం అలాగే చేతులు కట్టుకుని ఆమె భేష్ అనేదాకా కూర్చునేవాళ్లు. సెల్లులు తీసి మధ్యాహ్నం ఎండలో బండ మీద పరిస్తే ఇంకో రెండు రోజులు పనిచేసేవి. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పి చుట్టాలి. ఈ పనులన్నీ ఒక పిల్ల చేసేది. నేను చెప్పాలనుకున్నది ఆ పిల్ల గురించే.

గొర్రెలు కాచే ఇంటి పిల్ల. పదేళ్లుంటాయి. ప్రతి ఏడూ ఎండలు ముదిరే వేళకు వాళ్ల నాయిన మందను తోలుకుని నీళ్లూ మేతా వెతుక్కుంటూ కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. ఈ పిల్లా వెంట పోయేది, నడవలేని గొర్రెపిల్లలను ఎత్తుకోవడానికి. వానలు పడి మంద తిరిగొచ్చాక మళ్లీ బడికి వచ్చేది. ఆ ఏడు అట్లా వచ్చిన మొదటి రోజు నేను "మందెంబడే ఉండిపోకపోయినవా? బడికెందుకు వస్తవ్ మల్ల?" అని విరుచుకుపడ్డాను. ఆమె మూలకు పోయి కూర్చుంది. అట్లా ఆరునెలలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏమడిగినా నేల చూపే. మొద్దు పిల్ల అని రాసేసుకున్నాను మనసులో.

డబ్బా వచ్చిన వారానికి అనుకుంటా, లోపల ఒకటో తరగతికి అంకెలు దిద్దిస్తున్నాను. బయటనుంచి పదమూడో ఎక్కం వినిపించింది, గడగడా, ఎక్కడా ఆగకుండా. గొంతు నాకు తెలియదు. తొంగి చూస్తే ఆ పిల్లే. డబ్బాకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, అందరికంటే ముందు జవాబు చెబుతోంది. "భేష్!" అంది డబ్బా. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నాకు నిజంగానే తల తిరిగినంత పనైంది. ఆరునెలలుగా ఇన్ని ఎక్కాలను కడుపులో దాచుకుని నా ముందు మూగదానిలా కూర్చుందా ఈ పిల్ల!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పిల్లలను మెచ్చుకునేదాన్ని కాదు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని నా నమ్మకం. ఆ రోజు కూడా లోపల ఎంత సంతోషపడ్డా, బయటికి మాత్రం "ఊ, పంతొమ్మిది దాకా రావాలె" అన్నాను. వారంలో పంతొమ్మిది దాకా వచ్చింది. "ఇంక లెక్కలు రావాలె" అన్నాను. ఆమెకు భేష్ అన్నది ఈ లోకంలో ఆ డబ్బా ఒక్కటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచితే పాపం. ఒకరోజు ఒక పిల్లవాడు అక్క భేష్ అనకముందే తర్వాతి లెక్క పలక మీద వేసేశాడు. హుషారైనవాడు, ముందే లెక్క ఊహించాడు. వాడి చెవి మెలిపెట్టాను. "అక్క భేష్ అనకముందే ఎందుకు రాసినవ్? చెప్పిన మాట వినవా?" అని అందరి ముందూ నిలబెట్టాను. ఇంకెవరూ ఆ తప్పు చేయలేదు. క్రమశిక్షణ అంటే అదీ అని మురిసిపోయాను.

ఆ ఏడు అయిదో తరగతి పిల్లలకు గురుకులం బడి ప్రవేశ పరీక్ష ఉందని కాగితం వచ్చింది. సీటు వస్తే తిండీ, బట్టా, చదువూ అన్నీ సర్కారువే. నేను ఆ పిల్ల ఇంటికి పోయాను. వాళ్ల నాయిన దడి దగ్గర గొర్రెల కాళ్లకు మందు రాస్తున్నాడు. పొడుగాటి మనిషి, భుజాన గొంగడి. నేను చెప్పిందంతా విన్నాడు.

"టీచరమ్మా, పెద్దోడు పట్నం బోయిండు. మందకు చేతులు తక్కువైనయి. గొర్రెపిల్లల నెత్తుకునెటోల్లు లేరు," అన్నాడు. "గా పిల్లను తీస్కపోకుంటే నాకు ఎల్లదు."

"అన్నా, గీ ఒక్కసారి నా మాట విను. గా పిల్లకు మంచి తలకాయ ఉన్నది."

ఆయన చేతిలోని మందు పక్కన పెట్టాడు. "సరే. ఒక్క పరీక్ష రాయనిస్త. సీటొస్తే సదువుకోనీ, నేను అడ్డం రాను. రాకుంటే మాత్రం మల్ల నన్ను అడగొద్దు టీచరమ్మా. మందెంబడి వస్తది. గంతే."

"మాటంటే మాటే" అన్నాను. ఆ పిల్ల గుడిసె గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె కళ్లలో ఆ రోజు చూసిన ఆశ ఇంకో పిల్ల కళ్లలో నేను మళ్లీ చూడలేదు.

మూడు నెలలు చదివించాను. చదివించాను అంటున్నాను గాని, చదివించింది డబ్బానే. బడి అయ్యాక కూడా ఆ పిల్లను వరండాలో కూర్చోబెట్టి లెక్కల క్యాసెట్లు పెట్టేదాన్ని, నేను హాజరు పట్టీలు రాసుకునేదాన్ని. పలకలు చూస్తే తప్పు ఒక్కటి దొరికేది కాదు. ఆఖరికి నాకే నమ్మకం కుదిరింది. ఈ పిల్లకు సీటు రాకపోతే జిల్లాలో ఇంకెవరికీ రాదు అని అమ్మీతో పందెం కట్టినట్టు చెప్పాను.

పరీక్ష జడ్చర్లలో, ఒక పెద్ద బళ్లో. పొద్దున్నే వాళ్ల నాయిన పిల్లను తీసుకుని మొదటి బస్సులో దిగాడు. పిల్ల తలకు నూనె పెట్టి రెండు జడలు గట్టిగా వేశారు. చేతిలో అట్ట, పెన్సిలు, రబ్బరు. నన్ను చూడగానే వణకడం మొదలుపెట్టింది. అంత పెద్ద బడి, అంతమంది పిల్లలు, ఎప్పుడూ చూడలేదు.

"భయమైతాంది టీచర్," అంది. ఆమె తనంతట తానుగా నాతో అన్న మొదటి మాట అది.

నాకు ఎలా ధైర్యం చెప్పాలో తెలియలేదు. బుజ్జగించడం నాకు చేతకాదు. నోటికొచ్చింది చెప్పాను. "భయమెందుకే? మన టేపు లెక్కనే ఉంటది పరీక్ష. టేపు ముంగట ఎట్ల జేస్తవో గట్లనే జెయ్యి. గంట గొడ్తరు, నువ్వు రాయాలె. గంతే."

"గట్లనేనా టీచర్?"

"గట్లనే."

ఆమె వణుకు ఆగింది. తలూపి లోపలికి పోయింది. యా అల్లా, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే నా సగం ఆయుష్షు రాసిచ్చేదాన్ని.

నాకు కూడా ఆ రోజు అక్కడే డ్యూటీ పడింది, గదులకు కాగితాలూ నీళ్లూ అందించే పని. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె గది కిటికీలోంచి కనిపించేది. గంట కొట్టారు. పిల్లలంతా వంగి రాయడం మొదలుపెట్టారు. నేను రెండోసారి అటు వచ్చేసరికి ఆ పిల్ల తలెత్తి చూస్తోంది. ఆమె గదిలో ఉన్న పెద్ద సారును చూసింది, తర్వాత కిటికీలోంచి నన్ను చూసింది. కళ్లు పెద్దవి చేసి, ఏదో అడుగుతున్నట్టు. నాకు ఒళ్లు మండింది. జవాబు చెప్పమంటోందా? ఇన్నాళ్లు నేను నేర్పింది ఇదా? కాపీ అంటే నాకు పామును చూసినంత మంట. కనుబొమలు ముడిచి ముఖం తిప్పేసుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు కూడా అలాగే చూస్తోంది. మళ్లీ ముఖం తిప్పాను. ఆ తర్వాత ఆ కిటికీ వైపు వెళ్లడమే మానేశాను. నేను కనిపిస్తే ఆశపడుతుంది, కనిపించకపోతే తన బుర్ర వాడుతుంది అనుకున్నాను. ఎంత నిజాయితీ నాది అని లోలోపల గర్వం కూడా.

ఆఖరి గంట కొట్టారు. పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. ఆ పిల్ల అందరికంటే వెనక, మెల్లగా వచ్చింది. గేటు దగ్గర వేపచెట్టు కింద వాళ్ల నాయిన గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. ప్రశ్నపత్రం నా చేతికిచ్చింది. నేను గబగబా చూశాను. నలభై ప్రశ్నలు. అన్నీ ఆమెకు వచ్చినవే! నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవే. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఎన్ని రాసినవే?" అన్నాను.

"ఒక్కటి."

నాకు అర్థం కాలేదు. "ఒక్కటి ఇడిసిపెట్టినవా?"

"కాదు టీచర్. ఒక్కటే రాసిన."

"ఒక్కటే రాసుడేంది? రెండు గంటలు ఏం జేసినవ్? తక్కినయి రావా నీకు? ఇది రాదా? గిది రాదా?" కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగాను. ఒక్కొక్కదానికీ టకటకా జవాబు చెప్పింది, తప్పులేకుండా. నా గొంతు పెద్దదైంది. జనం ఆగి చూస్తున్నారు. "మరి ఎందుకు రాయలేదే? ఎందుకు?"

"భేష్ అనలే గద టీచర్ ఎవ్వలు."

నేను కాగితం మీది వేలు తీశాను.

"మొదటి లెక్క రాసిన," అంది ఆ పిల్ల, నేల చూస్తూ. "ఒక్క పెట్టెల ఇరవై నాలుగు మామిడిపండ్లు, పదిహేను పెట్టెలల్ల ఎన్ని అని. మూడు వందల అరవై రాసిన. ఆగిన. భేష్ రాలే. తప్పయిందేమో అని తుడిచిన. కూడి ముప్పై తొమ్మిది రాసిన. గప్పుడు గూడ రాలే. తీసేసి తొమ్మిది రాసిన. సారు దిక్కు జూసిన, సారు ఏమనలే. మీ దిక్కు జూసిన..." చేతిలోని అట్టను ఎదకు అదుముకుంది. "మీరు కోపం జేస్తిరి. గప్పుడు పక్కా తప్పే అనుకున్న. తుడిసి తుడిసి కాయిదం చినిగింది టీచర్."

ఎండ మాడుస్తోంది. మూడు వందల అరవై. సరైన జవాబు. మొదటి నిమిషంలోనే రాసింది. తప్పు చెప్పినా భేష్ అనే డబ్బా దగ్గర చదువుకున్న పిల్లకు, భేష్ అనకపోవడం అంటే ఏమిటి? ఆమెకు అది ఎప్పుడూ ఎదురుపడలేదు. జన్మలో మొదటిసారి భేష్ రాలేదు కాబట్టి, సరైన దాన్ని తుడిచేసింది. ఇంక చాలదన్నట్టు నేను కిటికీలోంచి ముఖం తిప్పుకున్నాను. ఆమెకు జవాబు అక్కర్లేదు. ఒక్కసారి తలూపితే చాలేది. ఊరికే చూసి నవ్వినా నలభై లెక్కలూ చేసేది.

ఆమె గదిలో డ్యూటీ చేసిన పెద్ద సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితాలు మూటగట్టి సీలు వేస్తున్నాడు. "గా రెండు జడల పిల్లనా? బుద్ధిమంతురాలమ్మా," అన్నాడు. "కిక్కురుమనలే. కదలకుంట కూసున్నది. తొందరగ అయిపోయిందేమో అనుకున్న." ఇంకో గంట ఇవ్వండి, నా తప్పు సార్, నేనే అట్లా చెప్పాను అని బతిమాలాను. ఎప్పుడూ ఎవరినీ బతిమాలనిదాన్ని ఆ రోజు ఏడ్చేశాను. ఆయన పాపం అన్నాడు, అంతకంటే ఆయన చేతిలో ఏముంది? మూట మీద లక్క ఆరిపోయింది.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల నాయిన గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. కోపం లేదు ఆయన ముఖంలో. కోపం ఉంటే బాగుండేది.

"ఏం జేస్తవ్ తియ్యి టీచరమ్మా. మాట ఇచ్చుకున్నం గద," అన్నాడు. "నువ్వు గూడ శాన కష్టపడితివి."

"అన్నా, తప్పు పిల్లది కాదు, నాది. ఇంకొక్క ఏడు ఆగు..."

"మందాగదమ్మా," అన్నాడు. అంతే. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు. అమ్మీ ఎంత అడిగినా చెప్పలేదు. ఏమని చెప్పను? మిషనుకు చెవులు లేవు, సరే, నాకు కళ్లున్నాయి కదా అని చెప్పనా?

ఆ డబ్బాను నేను పగలగొట్టలేదు. పగలగొడదామని మాత్రం చేతిలోకి తీసుకున్నాను, నిజం. తర్వాత ఎన్నో ఏళ్లు వాడాను కూడా. కాని దాని పక్కనే కూర్చుని వాడాను. అక్క భేష్ అనగానే మీట నొక్కి ఆపి, "ఎందుకు భేష్? నీ జవాబేంది, నీ జవాబేంది?" అని ఒక్కొక్క పిల్లనూ అడిగేదాన్ని. చిన్నవాళ్ల పాఠం వెనకబడింది, గొంతు మళ్లీ బొంగురుపోయింది. పోతే పోయింది. మహబూబ్‌నగర్‌లో ఆ కుర్ర అధికారితో ఇదంతా చెబుదామనుకున్నాను. చిలుక చుట్టూ టీచర్లు మూగేశారు. నా మాట వినే తీరిక ఎవరికీ లేకపోయింది.

మంద కదిలిన రోజు సంగతి ఒక్కటి మిగిలింది.

పరీక్షైన అయిదో రోజు. మొదటి బస్సు దిగి నడుస్తుంటే ఎదురుగా దుమ్ము లేచింది. ముందు వాళ్ల నాయిన, వెనక మంద, ఆ వెనక ఆ పిల్ల. చంకలో ఒక గొర్రెపిల్ల, మెడ మీద ఇంకొకటి. జడలు ఊడిపోయాయి, జుట్టు ముడి వేసుకుంది. నేను దారి పక్కకు తప్పుకున్నాను. గొర్రెలన్నీ నన్ను రాసుకుంటూ పోయాయి. ఆమె దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి. అయిదు రోజులుగా నా గొంతులో ఒకే మాట అడ్డం పడి ఉంది. ఆమె భుజం పట్టుకుని ఆపాను.

"భేష్ బిడ్డా," అన్నాను. "భేష్. భేష్."

ఆమె ఆగింది. నా ముఖంలోకి చూసింది, నేల కాదు. చంకలోని గొర్రెపిల్లను పైకి సర్దుకుంది.

"గిప్పుడు నేనేం జెప్పిన్నని భేష్ అంటిరి టీచర్?" అని అడిగింది.

జవాబు కోసం ఆగింది కాసేపు. ముందునుంచి వాళ్ల నాయిన కేకేశాడు, ఆమె మంద వెనకాల వెళ్లిపోయింది.